శిథిలాలలో దొరికిన బిడ్డ ఎవరి బిడ్డ?



2023 ఫిబ్రవరి రెండవ వారంలో ఒక రాత్రి, ఇషా నమాజు అనంతరం హిఫ్జ్ పిల్లల సబఖ్ వింటూ ఉండగా, మా పట్టణానికే చెందిన భార్యాభర్తలు మదరసాకు వచ్చారు. వారి వివాహమై పదకొండు సంవత్సరాలు. సంతానం కలుగలేదు. ఎందరో వైద్యులకు చూపించుకున్నారు, ఎందరిచేతనో దుఆ చేయించుకున్నారు. ఆయన తన ఫోనులో ఒక దృశ్యాన్ని నా ముందుంచారు. సిరియాలోని జిందీరిస్ పట్టణం. కూలిపోయిన భవనం. దుమ్ములో పొర్లిన ఒక పసికందును చేతులలో పట్టుకొని ఒక మనిషి శిథిలాల మీదుగా పరుగెత్తుతున్నాడు.

"మౌలానా సాబ్, ఈ పాపకు లోకంలో ఎవ్వరూ లేరట. మేము తెచ్చుకోవచ్చునా? షరీఅత్‌లో అడ్డేమైనా ఉన్నదా?"

గుమ్మం అవతల నిలబడిన ఆమె మెల్లగా అన్నారు: "మా పేర్లే రాయించి పెంచుకుంటాం, హజ్రత్. నువ్వు అనాథవన్న మాట ఆ పిల్ల చెవిన ఎన్నటికీ పడనివ్వం."

ఆ మాటలో ఎంత ప్రేమ ఉన్నదో నాకు తెలుసు. అయినా నా గుండె ఒక్కసారి కలుక్కుమన్నది. దానికి కారణం ముందు ముందు చెబుతాను. ఆ రాత్రి మాత్రం "కొంత వ్యవధి ఇవ్వండి, వివరంగా చెబుతాను" అని పంపివేశాను. తరువాత ఇదే ప్రశ్న మరి నలుగురైదుగురు అడిగారు.   కనుక ఆ సమాధానాన్ని ఇక్కడే రాయడం మేలని తోచింది.

మొదట జరిగినదేమిటో చూద్దాం. ఫిబ్రవరి 6, సోమవారం. రజబ్ నెల నడిమి రోజులు. స్థానిక కాలమానం ప్రకారం తెల్లవారుజామున 4 గంటల 17 నిమిషాలకు, ఫజ్ర్ వేళకు ఇంకా వ్యవధి ఉండగా, టర్కీ దక్షిణ ప్రాంతం 7.8 తీవ్రతతో కంపించింది. శీతకాలపు రాత్రి, ఎక్కువమంది పిల్లలు పక్కలలో నిద్రిస్తున్నారు. అదే రోజు మధ్యాహ్నం 1 గంట 24 నిమిషాలకు, ప్రాణాలతో బయటపడినవారు బంధువుల కోసం శిథిలాలు తవ్వుతూ ఉండగా, 7.5 తీవ్రతతో మరో భూకంపం వచ్చింది. కహ్రమాన్‌మరాష్, హతాయ్, గాజియాన్‌తెప్, అదియమాన్. సరిహద్దు దాటితే అలెప్పో, ఇద్‌లిబ్. రెండు దేశాలలో కలిపి మరణించినవారు 50 వేలకు పైనే. టర్కీలో దెబ్బతిన్న పది రాష్ట్రాలలో 46 లక్షల మంది పిల్లలు నివసిస్తున్నారనీ, సిరియాలో 25 లక్షల మంది పిల్లలు ప్రభావితులయ్యారనీ యునిసెఫ్ వెల్లడించింది.

నిద్రలో ఉన్న పిల్లవాడి జేబులో గుర్తింపు కాగితం ఉండదు. పాలు తాగే బిడ్డ తన పేరు చెప్పలేదు. తండ్రిని ఒక అంబులెన్సులో ఒక ఊరికి, బిడ్డను మరో అంబులెన్సులో మరో ఊరికి తరలిస్తారు. కహ్రమాన్‌మరాష్ నుంచి పదహారుమంది పసికందులను దేశాధ్యక్షుని విమానంలోనే అంకారాకు చేర్చారు. ప్రాణం కాపాడటానికి అలా చేయక తప్పదు. కాని ఆ ప్రయాణంలో బిడ్డకూ, బిడ్డను వెతుకుతున్నవారికీ మధ్య వందల మైళ్ళ దూరం ఏర్పడుతుంది. భూకంపం కూల్చినవి ఇళ్ళు మాత్రమేనని మనం అనుకుంటాము, పిల్లవాడి విషయంలో అది "నీవెవరి బిడ్డవు?" అన్న ప్రశ్నకు జవాబును కూడా పూడ్చివేస్తుంది. తిండి, బట్ట, గుడారం గురించి అందరూ మాట్లాడుతున్నారు. నేను ఈ నెల ఈ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడదలిచాను.

ప్రియ ప్రవక్త (స) స్వయంగా యతీం. జన్మించక ముందే తండ్రి కన్నుమూశారు. ఆరేళ్ళ ప్రాయంలో అబ్వా వద్ద తల్లి కన్నుమూశారు. తాత అబ్దుల్ ముత్తలిబ్ చేరదీశారు. ఎనిమిదేళ్ళకు ఆయనా వెళ్ళిపోయారు. ఆ తరువాత పెదతండ్రి అబూ తాలిబ్ తన పిల్లలకంటే ఎక్కువగా చూసుకున్నారు, దశాబ్దాల పాటు అండగా నిలిచారు. ఇంత చేసినా మక్కాలో ఎవ్వరూ ఆయనను "ముహమ్మద్ బిన్ అబీ తాలిబ్" అని పిలువలేదు. ఆయన కన్నులారా చూడని తండ్రి పేరే జీవితాంతం ఆయన పేరు వెంట నిలిచింది.

హజ్రత్ జైద్ (రజి) వృత్తాంతం మీరు ఎరుగుదురు. అయినా ఒకసారి తండ్రి వైపు నుంచి దానిని చూడండి. బాల్యంలో దోపిడీ మూక ఎత్తుకుపోయి ఉకాజ్ సంతలో అమ్మివేసిన పిల్లవాడు. చేతులు మారి హజ్రత్ ఖదీజా (రజి) ఇంటికి, అక్కడి నుంచి ప్రవక్త (స) సన్నిధికి చేరాడు. ఇక్కడ అతనికి ప్రేమ దొరికింది. అక్కడ హారిసా అనే తండ్రి ఏళ్ళ తరబడి కొడుకు కోసం తెగలన్నీ తిరుగుతూ ఏడుస్తున్నాడు. ఆచూకీ తెలిసి సోదరుణ్ణి వెంటబెట్టుకొని, విడుదల సొమ్ము మూట కట్టుకొని మక్కాకు వచ్చాడు. ప్రవక్త (స) పైకం పుచ్చుకోలేదు. నిర్ణయం జైద్‌కే వదిలారు. జైద్ ఇక్కడే ఉంటానన్నారు. అప్పుడు ప్రవక్త (స) ఆయనను కుమారునిగా ప్రకటించారు; ప్రజలు "జైద్ బిన్ ముహమ్మద్" అనసాగారు. అంతకన్నా గౌరవప్రదమైన పేరు ఏ పెంపుడు బిడ్డకు దక్కుతుంది? అయినప్పటికీ సూరా అహ్‌జాబ్‌లోని ఐదవ ఆయత్ అవతరించి, పెంపుడు బిడ్డలను వారి కన్న తండ్రుల పేర్లతోనే పిలువమని ఆదేశించింది. ఆనాటి నుంచి ఆయన మళ్ళీ జైద్ బిన్ హారిసా. ప్రవక్త (స) ప్రేమలో ఆవగింజంత లోటు రాలేదు. పేరు మాత్రం దాని యజమానికి తిరిగి వెళ్ళిపోయింది. ఖుర్ఆన్‌లో పేరుతో ప్రస్తావించబడిన సహాబీ కూడా ఆయన ఒక్కరే. ఈ సంగతి చెప్పినపుడల్లా నా విద్యార్థులలో ఎవరో ఒకరు, పోగొట్టుకున్న దానికి బదులుగా దొరికిన గౌరవమా అది అని అడుగుతారు. అల్లాహ్‌కే బాగా తెలుసు అని ఊరుకుంటాను.

అదే ఆయత్‌లో మరో మాట ఉన్నది. తండ్రులు ఎవరో తెలియకపోతే? అప్పుడు వారు ధర్మంలో మీ సోదరులు, మీ ఆత్మీయులు. అంటే, తెలియని చోట తెలియదనే రాయాలి. ఖాళీని మన పేరుతో పూరించే అధికారం మనకు ఇవ్వలేదు.

మా మదరసాలలో బోధించే 'హిదాయా' గ్రంథంలో 'కితాబుల్ లఖీత్' అనే ప్రకరణం ఉన్నది. లఖీత్ అంటే దారిలో దొరికిన బిడ్డ. నేను పాతిక సంవత్సరాలకు పైగా ఆ పాఠం చెబుతున్నాను. నిజం ఒప్పుకోవాలంటే, త్వరత్వరగా ముగించేవాణ్ణి. ఈ కాలంలో దారిలో బిడ్డ ఎవరికి దొరుకుతుంది అని పిల్లలు నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. ఆ ఫిబ్రవరిలో ఆ పుటలు మళ్ళీ తెరిచి చదివాను. ఏమున్నదంటారా?

ప్రాణాపాయంలో ఉన్న బిడ్డను ఎత్తుకోవడం విధి. ఎత్తుకున్నవానికి పెంచే హక్కు ఇతరులకంటే ముందుగా ఉంటుంది. కాని ఆ బిడ్డ స్వతంత్ర మానవుడు, ఎవరి సొత్తూ కాడు. బిడ్డ ఒంటి మీద, బిడ్డతోపాటు ఏ ధనం దొరికినా అది బిడ్డదే. పెంచేవాడు ఆ బిడ్డ తరఫున కానుక స్వీకరించవచ్చు, చదువుకో చేతిపనికో పంపవచ్చు. కాని బిడ్డ ఆస్తిని అమ్మడానికి గాని, బిడ్డకు వివాహం జరిపించడానికి గాని అతనికి అధికారం లేదు. పోషణ ఖర్చు ప్రజాధనం నుంచి, అంటే బైతుల్ మాల్ నుంచి. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్‌లో ఒక వ్యక్తి దొరికిన పసికందును తెచ్చినపుడు, ఆయన ముందు ఆ మనిషి ఎటువంటివాడో విచారించారు. సచ్చీలుడని సాక్ష్యం లభించాకనే బిడ్డను అతనికి అప్పగించి, ఖర్చు తమ మీద వేసుకున్నారు. దయ చూపడానికి వచ్చినవాణ్ణి కూడా విచారించారన్న సంగతి గమనించండి.

ఇంకొక మస్అలా ఉన్నది. ఇద్దరు వచ్చి ఒకే బిడ్డను మా బిడ్డ అంటే? వారిలో ఎవరు బిడ్డ ఒంటి మీది గుర్తును సరిగా చెబుతారో వారికి ప్రాధాన్యం. పుట్టుమచ్చ, పాత గాయం, చెవి ఆకారం. ఎనిమిది వందల ఏళ్ళ క్రితం ఫుఖహా రాసిన మాట ఇది.

టర్కీలో ఈసారి జరిగినది దాదాపు ఇదే పని, పెద్ద ఎత్తున. కుటుంబ సామాజిక సేవల మంత్రిత్వ శాఖ 183 అనే ఫోను నంబరు ప్రకటించింది. బిడ్డను పోగొట్టుకున్నవారు, బిడ్డ దొరికినవారు ఇద్దరూ దానికే చెప్పాలి. ఆస్పత్రులలో ఒంటరిగా ఉన్న పిల్లల ముఖాలనూ, బంధువులు ఇచ్చిన పాత ఛాయాచిత్రాలనూ సరిపోల్చడానికి ఆ దేశపు శాస్త్ర సాంకేతిక పరిశోధనా మండలి తుబితాక్ తయారుచేసిన కంప్యూటర్ కార్యక్రమాన్ని వాడారు. అనుమానం ఉన్నచోట డీఎన్ఏ పరీక్ష. ఒంటరిగా నమోదైన పిల్లలు దాదాపు 1,900 మంది. వారిలో అత్యధికులు తమ కుటుంబాలకు, బంధువులకు చేరారు. పెంచుకుంటామంటూ లక్షల సంఖ్యలో దరఖాస్తులు వచ్చాయి. ప్రభుత్వం వాటిని పక్కన పెట్టి, ముందు వెతుకులాట పూర్తికానివ్వండి అన్నది. ఈ మాట విని మన ఊళ్ళలో కొందరు నొచ్చుకున్నారు. ఇంత ప్రేమతో అడుగుతుంటే కాదంటారా అని. నేను మాత్రం అల్‌హమ్దులిల్లాహ్ అనుకున్నాను.

మన దేశం కూడా 'ఆపరేషన్ దోస్త్' పేరిట జాతీయ విపత్తు స్పందన దళాన్ని పంపింది. నూర్దాగీలో మనవాళ్ళు ఆరేళ్ళ బాలికను శిథిలాల కింది నుంచి సజీవంగా వెలికితీశారు. మన సైన్యం ఇస్కెందెరూన్‌లో ఆస్పత్రి నడిపింది. అది చూసి కన్నులు చెమర్చని భారతీయుడు ఉండడు.

ఇప్పుడు నా సంగతి.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుఫాను ఊడ్చిపెట్టింది. నేను అప్పుడే ఫరాగత్ పొంది, గోదావరి ప్రాంతంలో ఒక చిన్న మదరసాలో పనికి కుదిరాను. తుఫాను తరువాత మూడవ వారంలో, కొబ్బరి వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి నాలుగైదేళ్ళ పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని వచ్చారు. సహాయ శిబిరంలో దొరికాడట. ఎవరూ రాలేదట. మంచి మనిషి, ఆయన మంచితనం మీద ఈనాటికీ నాకు అనుమానం లేదు. చేరిక పుస్తకం తెరిచి, తండ్రి పేరు ఏమని రాయమంటారు అని అడిగాను. "నా పేరే రాసుకోండి హజ్రత్, నా కొడుకులాంటివాడే" అన్నారు. రాశాను. ఖాళీ వదిలితే పైవాళ్ళు అడుగుతారని, బడిలో ఇబ్బంది అవుతుందని, అన్నిటికీ మించి అది పుణ్యకార్యమే కదా అని రాశాను. సూరా అహ్‌జాబ్ నాకు అప్పటికే కంఠస్థం.

పిల్లవాడు నా ముందే నిలబడి ఉన్నాడు. ఏదో చెప్పాడు. తన తండ్రి పేరో, ఊరి పేరో, ఇంట్లో పిలుచుకునే మాటో. నేను సిరా ఆరడానికి పుస్తకం మీద ఊదుతున్నాను.

2019లో అతడు నా దగ్గరికి వచ్చాడు. అప్పటికి అతనికి పెళ్ళయి ఒక కూతురు. నికాహ్ నాడు ఖాజీ సాబ్ పెద్దగొంతుతో ఫలానా వారి కుమారుడు అని చదివినపుడు, అది తన తండ్రి పేరు కాదని సభలో లేచి చెప్పలేక తల వంచుకొని ఖబూల్ అన్నాడట. పెంచిన ఆ పెద్దమనిషి అంతకు ముందే చనిపోయారు. "హజ్రత్, నేను వచ్చిన రోజు నా నోటితో ఏదైనా పేరు చెప్పానా? మీకేమైనా గుర్తున్నదా?" అని అడిగాడు.

చెప్పావు అన్నాను. ఏమి చెప్పావో గుర్తులేదు అన్నాను.

అతడు నన్ను ఒక్క మాట అనలేదు. టీ తాగి వెళ్ళిపోయాడు. ఈద్ నాడు ఇప్పటికీ ఫోను చేస్తాడు. అతని తండ్రికి ఏ ఊళ్ళోనైనా రెండు సెంట్ల స్థలం ఉండేదో, పినతండ్రులు ఉన్నారో, చెల్లెలు బతికి ఉన్నదో, ఏదీ అతనికి తెలియదు. నేను రాసిన ఒక్క పంక్తి వలన వెతికే దారి మూసుకుపోయింది. ఆ దంపతుల మాట విన్నపుడు నా గుండె ఎందుకు కలుక్కుమన్నదో మీకు ఇప్పుడు అర్థమయి ఉంటుంది.

ఇది మంచివాళ్ళు చేసే పొరపాటు. చెడ్డవాళ్ళ సంగతి వేరే. పెద్ద విపత్తు వచ్చిన ప్రతిచోటా, ఒంటరి పిల్లల చుట్టూ పసివాళ్ళను అమ్ముకునేవారు తిరుగుతారు. అందుకే 2004 డిసెంబరు సునామీ తరువాత పదహారేళ్ళలోపు పిల్లలను తల్లిదండ్రులు లేకుండా అచే దాటించరాదని ఇండోనేషియా నిషేధించింది. 2005 అక్టోబరు 8న, రమజాన్ తొలి రోజులలో, పిల్లలు బడులలో కూర్చున్న ఉదయం వేళ కశ్మీరు భూకంపం వచ్చినపుడు, అనాథలైన పిల్లలను దత్తతకు ఇవ్వడాన్ని పాకిస్తాన్ ప్రభుత్వం నిలిపివేసింది. 2010 జనవరిలో హైతీ భూకంపం తరువాత పదిమంది అమెరికన్లు 33 మంది పిల్లలను సరిహద్దు దాటిస్తూ పట్టుబడ్డారు. అనాథలను ఆదుకుంటున్నామని వారి వాదన. విచారిస్తే ఆ పిల్లలలో చాలామందికి తల్లో తండ్రో సజీవంగా ఉన్నారు. వారిది దురుద్దేశమని నేను అనను. తల్లి బతికి ఉండగా బిడ్డను అనాథ అని రాసుకున్నారు, అంతే.

ఇక జిందీరిస్ పాప. ఆమె తల్లి, తండ్రి, నలుగురు తోబుట్టువులు అందరూ ఆ భవనం కిందనే అల్లాహ్ సన్నిధికి చేరారు. శిథిలాల కిందనే ఆమె పుట్టింది. బయటికి తీసేటప్పటికి బొడ్డుతాడు ఇంకా తల్లితో కలిసే ఉన్నది. అఫ్రీన్‌లోని ఒక ఆస్పత్రికి చేర్చారు. ప్రపంచం నలుమూలల నుంచి వేలాదిమంది మాకివ్వండి మాకివ్వండి అన్నారు. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్న భయంతో ఆస్పత్రి వద్ద కాపలా పెట్టవలసి వచ్చింది. చివరకు, ఎవ్వరూ లేరనుకున్న ఆ పాపకు మేనత్త ఉన్నదని తేలింది. డీఎన్ఏ పరీక్ష జరిపి, సంబంధం రూఢి అయిన తరువాత పాపను ఆ దంపతులకు అప్పగించారు. వారు ఆమెకు మరణించిన తల్లి పేరే పెట్టుకున్నారు. ఆ మేనత్త ఇల్లు కూడా కూలిపోయింది. వారికి అప్పటికే పిల్లలున్నారు. భూకంపం వచ్చిన కొద్ది రోజులకే ఆమెకు మరో ఆడపిల్ల పుట్టింది.

మన దంపతుల వద్ద పక్కా ఇల్లు ఉన్నది, స్థిరమైన ఆదాయం ఉన్నది. ఇల్లు పోయిన ఆ మేనత్త వద్ద ఉన్నది రక్తసంబంధం. షరీఅత్ ఎవరి హక్కును ముందుగా చూస్తుందో ఇంక వేరే చెప్పనక్కర లేదు. ఆ మేనత్తకు గుడారమూ, మందులూ, నెలనెలా ఖర్చూ అందించడమే ఆ పాపకు చేయగల సహాయం. దైవప్రవక్త (స) తన చూపుడు వేలినీ మధ్య వేలినీ చూపి, అనాథ బాధ్యత వహించినవారు స్వర్గంలో తనకు అంత సమీపంగా ఉంటారని చెప్పిన హదీసు మనకు తెలుసు. ఆ సామీప్యం కోసం బిడ్డ మన ఇంట్లోనే పెరగాలన్న షరతు ఆ హదీసులో లేదు.

మన ఇళ్ళలో స్త్రీలు తెలుసుకోదగిన ఒక విషయం ఇక్కడ ఉన్నది. ఆ పాప ఆస్పత్రిలో ఉన్న రోజులలో, ఆస్పత్రి నిర్వాహకుని భార్య తన నాలుగు నెలల కూతురుతో పాటు ఆమెకూ పాలిచ్చారు. మాషా అల్లాహ్! ఎంతటి సత్కార్యం. దానితోనే ఆమె ఆ పాపకు స్తన్యమాత అయ్యారు, ఆమె పిల్లలు ఆ పాపకు తోబుట్టువులయ్యారు. వారి మధ్య వివాహం శాశ్వతంగా నిషిద్ధం. హనఫీ మస్లక్‌లో కొద్దిపాటి పాలు తాగినా ఈ సంబంధం ఏర్పడుతుంది. కనుక విపత్తు వేళ తల్లి లేని బిడ్డకు పాలిచ్చిన స్త్రీ పేరు కూడా బిడ్డ కాగితాలలో ఉండాలి. సహాయ శిబిరాలు నడిపే మన యువకులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. మన దగ్గర తుఫానులు తక్కువేమీ కాదు.

పాల ప్రసక్తి వచ్చింది గనుక ఇంకొక మాట. విపత్తు అనగానే పాలపొడి డబ్బాలు కొని పంపాలని అందరికీ తోస్తుంది. శుభ్రమైన నీరు లేనిచోట ఆ డబ్బా పాలే విరేచనాలకు కారణమవుతాయి. భూకంపం వచ్చేనాటికి సిరియాలో 2022 సెప్టెంబరు నుంచి కలరా ఉండింది. బాలింతకు భోజనం, వెచ్చని చోటు, కాస్త చాటు ఉంటే చాలావరకు బిడ్డకు పాలు దొరికినట్లే. డబ్బా పాలు ఎవరికి అవసరమో అక్కడి వైద్యులు నిర్ణయించాలి. పాత బట్టల మూటలు కూడా అంతే. గిడ్డంగులు నింపడం తప్ప వాటివలన ప్రయోజనం తక్కువ. పైకం పంపండి, అదీ ప్రభుత్వ గుర్తింపు ఉండి లెక్క చెప్పగల సంస్థ ద్వారా.

వాయవ్య సిరియాకు పైకం కంటే కూడా దారి కరువయింది. భూకంపం వచ్చేనాటికి ఐక్యరాజ్య సమితి వాహనాలు దాటడానికి అనుమతి ఉండినది బాబ్ అల్-హవా అనే ఒక్క ద్వారానికే. భూకంపం వచ్చిన మూడవ నాడు గాని మొదటి వరుస లారీలు, కేవలం ఆరు, ఆ ద్వారం దాటలేదు. మరో రెండు ద్వారాలు తెరవడానికి ఫిబ్రవరి 13 వరకు ఆగవలసి వచ్చింది. అప్పటికి శిథిలాల కింద ఎవరి పిలుపూ వినిపించే కాలం దాటిపోయింది. అక్కడి ప్రజలను ఇంతవరకు ఆదుకోలేకపోయామని సమితి సహాయ విభాగపు అధిపతి స్వయంగా ఒప్పుకున్నారు. రాజ్యాల తగవులలో పసివాళ్ళు ఎవరి పక్షమని ఈ ఆలస్యం?

జకాత్ గురించి ప్రతి ఏటా అడుగుతారు కనుక క్లుప్తంగా రాస్తాను. మన ఫిఖ్‌హ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుని యాజమాన్యంలోకి వెళ్ళాలి. ఊహ తెలియని పిల్లవాడి తరఫున అతని వలీ స్వీకరిస్తాడు; ఆ పైకం పిల్లవాడిదే, వలీది కాదు. బడి కట్టడానికి, గుడారాల నగరంలో ఆటస్థలానికి జకాత్ వాడరాదు. వాటికి సాధారణ సదఖా ఇవ్వండి. అనాథల సొమ్ము తినేవారు కడుపులలో అగ్ని నింపుకుంటున్నారని సూరా నిసా హెచ్చరిస్తున్నది. పిల్లవాడి పేర వచ్చిన విరాళానికి లెక్క రాయని నిర్వాహకుడు ఆ ఆయత్‌ను ఒంటరిగా కూర్చొని చదువుకోవాలి. మరణించిన తల్లిదండ్రుల ఇంటికి ప్రభుత్వం ఇచ్చే పరిహారం ఉంటుంది, పొలం ఉంటుంది. తండ్రి పేరు చెరిపిన పిల్లవాడు ఆ ఆస్తిని ఏ కాగితం చూపి అడుగుతాడు? వంశాన్ని కాపాడమనడంలో ఈ ఉద్దేశం కూడా ఉన్నది.

మరి, నిజంగా ఎవ్వరూ లేని బిడ్డను ఇంటికి తెచ్చుకొని పెంచవచ్చునా? తప్పక పెంచవచ్చు. కన్నబిడ్డకు చేసినట్లే అన్నీ చేయవచ్చు. బిడ్డ పేరు వెంట కన్నతండ్రి పేరు ఉండాలి. తెలియకపోతే తెలియదనే ఉండాలి. వారసత్వంలో వాటా రాదు గనుక, ఆస్తిలో మూడవ వంతు మించకుండా వసియ్యత్ రాయవచ్చు, బతికుండగా కానుక ఇవ్వవచ్చు. పర్దా విషయంలో ఇబ్బంది రాకుండా, పాలు తాగే వయసు బిడ్డ అయితే ఇంటిలోని దగ్గరి బంధువు ఒకరు పాలు పట్టే ఉపాయం ఉన్నది. దాని వివరాలు మీ ఊరి ఆలిమ్‌ను అడగండి. మన దేశంలో బాలల న్యాయ చట్టం కింద బిడ్డను దత్తత కాకుండానే కుటుంబంలో పెంచే ఫాస్టర్ కేర్ పద్ధతి ఉన్నది. జిల్లా బాలల సంక్షేమ సమితిని సంప్రదించాలి. దొరికిన బిడ్డను గురించి 1098కి చెప్పకుండా ఇంట్లో ఉంచుకోవడం చట్టం దృష్టిలోనూ తప్పే.

"నువ్వు అనాథవన్న మాట చెవిన పడనివ్వం" అన్నారు కదా ఆ సోదరి. అమ్మా, ఆ మాట ఏదో ఒకనాడు చెవిన పడుతుంది. మన మదరసాలో ఇరవై ఆరుమంది యతీం పిల్లలున్నారు. తండ్రి లేడని తెలియని పిల్లవాడు వారిలో ఒక్కడూ లేడు. తండ్రి పేరు అడిగితే మాత్రం ప్రతివాడూ గట్టిగా చెబుతాడు.

మార్చి మొదటి వారంలో ఆ దంపతులను పిలిపించి ఇదంతా చెప్పాను. కోనసీమ పిల్లవాడి సంగతి కూడా దాచలేదు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ పాపకు వాళ్ళ అమ్మ పేరే పెట్టారా, నిజంగా?" అని అడిగారు. అవునన్నాను. ప్రయాణానికని దాచుకున్న సొమ్మును భూకంప బాధితులకు పంపడానికి ఆయన ఒప్పుకున్నారు. ఫాస్టర్ కేర్ గురించి జిల్లా కార్యాలయంలో విచారించారట; ఇంకా జవాబు రాలేదు.

ఈలోగా మా పక్క మండలంలో అమ్మమ్మ వద్ద పెరుగుతున్న ఆరేళ్ళ బాలిక గురించి చెప్పాను. తండ్రి తాపీ పనికి వెళ్ళి రెండేళ్ళ క్రితం చనిపోయాడు, తల్లి ఆ మరుసటి ఏడాది. బడి ఖర్చు, బట్టలు, అమ్మమ్మ మందులు తాము చూసుకుంటామని ఇద్దరూ అన్నారు. కఫాలత్ కాగితం తెప్పించి సంతకం చేయించాను. ఆయన సంతకం చేస్తూ ఉండగా, ఆ పాప తండ్రి పేరేమిటని ఆమె అడిగారు. కాగితంలో ఉన్న పేరు చదివి వినిపించాను. ఆమె తనలో తాను రెండుసార్లు ఆ పేరు పలికి చూసుకున్నారు.